టీవీకెక్కితే తీర్పు మారుతుందా?

పేరు, ఊరు రాయవద్దన్న షరతుతో కోనసీమ నుంచి ఒక సోదరి పంపిన ఉత్తరమిది. ఏడేళ్ల క్రితం వారి వీధిలో ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడను రాత్రివేళ ఎవరో చంపి, మెడలోని నానుతాడు తీసుకుపోయారు. పది రోజుల తర్వాత పోలీసులు ఈమె తమ్ముణ్ణి అరెస్టు చేసి, ముఖానికి ముసుగు తొడిగి విలేకరుల ముందు నిలబెట్టారు. అప్పులు తీర్చుకోవడానికే చంపాడని, నేరం ఒప్పుకున్నాడని మర్నాడు జిల్లా పేజీల్లో వచ్చింది. ఆ రాత్రి తమ్ముడు భీమవరం వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో రాత్రి షిఫ్టులో ఉన్నాడని, శీతల గిడ్డంగి దగ్గర పని చేసేవాడని, అక్కడ వేలిముద్ర వేసే హాజరు యంత్రం కూడా ఉండేదని ఈమె రాశారు. కింది కోర్టులో వాదించిన లాయరు ఆ విషయాన్ని పోలీసు సాక్షుల దగ్గర ఒకసారి ప్రస్తావించి వదిలేశారు తప్ప ప్లాంటు రికార్డును గానీ, సూపర్‌వైజరును గానీ కోర్టుకు పిలిపించలేదు. ఇంటి వెనుక కొబ్బరి డొక్కల పోగులోంచి నిందితుడే నానుతాడు తీసి ఇచ్చాడన్న మధ్యవర్తుల (పోలీసులు సాక్షులుగా వెంట తీసుకెళ్లేవారి) నివేదిక ఒకటి, ఆ రాత్రి పెద్దావిడ ఇంటి దగ్గర అతన్ని చూశానన్న కిళ్ళీకొట్టు యజమాని సాక్ష్యం ఒకటి, ఈ రెండింటి ఆధారంగా సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. తమ్ముడు నాలుగేళ్లుగా రాజమండ్రి కేంద్ర కారాగారంలో ఉన్నాడు. హైకోర్టులో వేసిన అప్పీలు ఇంకా విచారణకు రాలేదు.

ఇప్పుడు ఒక టీవీ ఛానెల్ స్థానిక విలేకరి ఇంటికి వచ్చాడు. అరగంట కార్యక్రమం చేస్తామని, అయితే ఈమెకు ఎవరి మీద అనుమానముందో ఆ పేరు కెమెరా ముందు చెప్పాలని అడిగాడు. ఆ అనుమానం పెద్దావిడకు దగ్గరి బంధువైన ఒకాయన మీద. వారి మధ్య పొలం తగాదా ఉండేదట. ఇన్నాళ్లూ నోరు మూసుకుని ఏం బావుకున్నామని భర్త అంటున్నారు. అప్పీలు తేలేదాకా ఎక్కడా మాట్లాడవద్దని హైకోర్టు లాయరు చెప్పారు. ములాఖత్‌లో అడిగితే తమ్ముడు, “వద్దక్కా, నా ఫొటో చూసే నాన్న మంచం పట్టాడు, మళ్లీ ఆ రచ్చ వద్దు” అన్నాడు. చనిపోయిన పెద్దావిడ కూతురు ఎదురింట్లోనే ఉంటుంది. చిన్నప్పటి నుంచి వీరిని ఎరిగిన మనిషి. టీవీకి వెళ్తే తీర్పు మారుతుందా, వెళ్లకపోతే తమ్ముణ్ణి జైల్లో మరిచిపోతారా, ఒకవేళ విడుదలైతే పోయిన ఏళ్లకు ఎవరు జవాబుదారీ అన్నవి ఈమె ప్రశ్నలు.

సమాధానం

అమ్మా, మీ తమ్ముడు నిర్దోషి అవునో కాదో మీ ఉత్తరం ఒక్కటే చదివి చెప్పగల స్థితిలో నేను లేను. మీరు రాసినదంతా నిజమన్న నమ్మకంతోనే ఈ జవాబు రాస్తున్నాను. ఆ నమ్మకంతో చూసినప్పుడు మీ ఇంట్లో ముగ్గురూ మూడు వేర్వేరు సంగతుల గురించి మాట్లాడుతున్నారనిపించింది. మీ లాయరుగారి దృష్టి శిక్ష రద్దు కావడం మీద ఉంది. మీ వారు కోరుకుంటున్నది ఊళ్లో పడ్డ మచ్చ పోవడం. మీ తమ్ముడు కోరుకుంటున్నది, ఉన్న నరకం మరింత పెరగకుండా ఉండటం. ఈ మూడూ ఒకే పనితో నెరవేరతాయనుకోవడం వల్లనే మీకు దారి కనిపించడం లేదు. మొదటిది హైకోర్టు చేతిలో ఉంది. రెండోదానిలో పత్రికలకూ టీవీలకూ పాత్ర ఉంది, ఎందుకంటే ఆ మచ్చ వేసింది వాళ్లే. మూడోది చాలావరకు మీ చేతిలో ఉంది.

హైకోర్టు అప్పీలును ఎలా చూస్తుందో ముందు చెబుతాను. ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం కింది కోర్టు రికార్డు మొత్తాన్ని ముందు పెట్టుకొని సాక్ష్యాన్ని మొదటి నుంచి తూచి చూస్తుంది. తీర్పును తలకిందులు చేసే అధికారం దానికి పూర్తిగా ఉంది. అయితే ఆ రికార్డులో లేనిది దాని కంటికి కనబడదు. పత్రికలో వచ్చిన వార్త ఆ రికార్డులో లేదు, రేపు టీవీలో రాబోయే కార్యక్రమమూ ఉండదు. ‘నేరం ఒప్పుకున్నాడు’ అని ఆనాడు జిల్లా పేజీలో వచ్చిన మాటకు కూడా కోర్టులో విలువ లేదు. పోలీసులకు చెప్పిన నేరాంగీకారం నిందితుడి మీద సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ చెబుతోంది, కొత్త సాక్ష్య అధినియమంలోనూ అదే నియమం 23వ సెక్షన్‌గా కొనసాగింది. దానికున్న మినహాయింపు ఒక్కటే: అతడు చెప్పిన మాటను బట్టి ఏదైనా వస్తువు దొరికితే, ఆ వస్తువుకు నేరుగా సంబంధించిన మేరకు ఆ మాట చెల్లుతుంది. మీ తమ్ముడి కేసు బరువంతా డొక్కల పోగు మీద పడింది అందుకే.

కాబట్టి ఆ డొక్కల పోగు దగ్గర కాస్త ఆగుదాం. మధ్యవర్తుల నివేదిక నకలు మీ దగ్గర ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే తీర్పుతో పాటు దాని సర్టిఫైడ్ కాపీకి వెంటనే దరఖాస్తు పెట్టించండి, వచ్చాక నింపాదిగా చదవండి. మధ్యవర్తులుగా సంతకం పెట్టింది ఎవరు? మన జిల్లాల్లో చాలా కేసుల్లో వీఆర్వోలనే తీసుకెళ్తారు. అదే స్టేషనుకు పదే పదే మధ్యవర్తిగా వెళ్లే మనిషైతే ఆ సంగతి లాయరుగారికి తెలియాలి. నివేదికలో రాసిన సమయం ఎంత, ఆ సమయానికి మీ తమ్ముడు అప్పటికే ఎన్ని రోజులుగా స్టేషనులో ఉన్నాడు? ఆ పోగు మీ దొడ్లో ఉందా, కంచె లేని తోటలో దారినపోయేవారెవరైనా చెయ్యి పెట్టగలిగే చోట ఉందా? డొక్కలు వలిచే కూలీలు మధ్యలో ఆ పోగును కదిపారా? అంతకుముందే పోలీసులు మీ ఇల్లు సోదా చేసి ఏమీ దొరకలేదని వెళ్లిపోయి ఉంటే, రెండోసారి అక్కడే దొరకడం ఎలా? నానుతాడును అక్కడికక్కడే సీలు వేశారా? పెద్దావిడ కూతురి చేత గుర్తు పట్టించినప్పుడు అలాంటివే మరికొన్ని తాళ్లు కలిపి చూపించారా, ఒక్కదాన్నే చేతిలో పెట్టి ‘ఇదేనా’ అని అడిగారా? కిళ్ళీకొట్టు యజమాని వాంగ్మూలం విషయంలోనూ ఒక తేదీ ముఖ్యం. అతడు పోలీసులకు ఎప్పుడు చెప్పాడన్నదే కాదు, ఆ కాగితం మేజిస్ట్రేటు కోర్టుకు ఎప్పుడు చేరిందో కూడా చూడాలి. రెంటికీ మధ్య వారాలు గడిచి ఉంటే దానికి కారణం ప్రాసిక్యూషన్ చెప్పుకోవాల్సి వస్తుంది. ఇలాంటి ప్రశ్న ఒక్కటి రికార్డులో నిలబడితే, అది చేసే పని అరగంట కార్యక్రమం చేయలేదు.

ప్లాంటు సంగతి వేరు. అది రికార్డులో లేదు గనుక బయటి నుంచి తీసుకురావాలి. న్యాయం కోసం అవసరమనిపిస్తే అప్పీలు దశలో కూడా అదనపు సాక్ష్యం తీసుకునే అధికారం హైకోర్టుకు ఉంది. పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లో అది 391వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 432. ఇది అడిగిన వెంటనే ఇచ్చేది కాదు. అప్పుడెందుకు తేలేదని కోర్టు అడుగుతుంది, పాత లాయరుగారి అశ్రద్ధ అన్న జవాబు ఒక్కటే చాలకపోవచ్చు. అందుకని తెచ్చే సాక్ష్యమే గట్టిగా ఉండాలి. సాయంత్రం వేలిముద్ర వేసి, నడిరేయి జారుకొని, బండి మీద వచ్చి పని ముగించుకొని తెల్లారేలోగా తిరిగి వెళ్లాడని ప్రాసిక్యూషన్ అనవచ్చు. నరసాపురం రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) ఆగిపోయాక మీ వైపు రావాలంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి, నిజమే. కానీ దూరం ఒక్కటే రక్షించదు. వచ్చిన వేళ, వెళ్లిన వేళ రెండూ కావాలి, ఆ మధ్య గంటల్లో అక్కడే ఉన్నట్టు ఇంకేదైనా కావాలి. మీ తమ్ముడు శీతల గిడ్డంగిలో పని చేశాడని రాశారు కదా. అలాంటి చోట షిఫ్టులో ఉన్నవారు నిర్ణీత వేళల్లో ఉష్ణోగ్రత చూసి లాగ్ పుస్తకంలో రాసి, పక్కన పొట్టి సంతకం పెడతారు. ఆ రాత్రి పేజీలో అతని చేతిరాత దొరికిందంటే హాజరు యంత్రం కన్నా అదే పెద్ద సాక్ష్యం. పీఎఫ్ వివరాలు తేవడం తేలిక గానీ, అవి ఆ నెల పని చేశాడని చెబుతాయే తప్ప ఆ రాత్రి ఉన్నాడని చెప్పవు. యంత్రంలోని వివరాలను కాగితం మీద అచ్చు వేసి తెచ్చినంత మాత్రాన సరిపోదు, వాటితో చట్టం కోరే ధ్రువపత్రం కూడా ఉండాలి. అది ప్లాంటు వారు ఇవ్వాలి. ఇవన్నీ ఏళ్ల తరబడి దాచరు కూడా.

ఇక టీవీ. పత్రికలు, టీవీలు ఇలాంటి కేసుల్లో ఏమీ చేయలేవని నేననను. మీకు బాగా దగ్గరి ఉదాహరణే ఉంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్లో జరిగిన విద్యార్థిని హత్య కేసులో 2008 ఆగస్టులో ఒక పేద యువకుణ్ణి అరెస్టు చేశారు. మొదటి నుంచీ పత్రికలు, టీవీలు, పౌరహక్కుల వారు అనుమానాలు లేవనెత్తారు. ఇతను కాదని చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే బహిరంగంగా చెప్పారు. అంత గొడవ నడుస్తుండగానే 2010 సెప్టెంబరులో అతనికి శిక్ష పడింది. ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా ప్రకటించింది 2017 మార్చి 31న. మీ తమ్ముడు ఇప్పుడున్న రాజమండ్రి జైలు నుంచే అతడు బయటికి వచ్చాడు. అంటే రాష్ట్రమంతా మాట్లాడుకున్న కేసులో కూడా తీర్పుకూ విడుదలకూ మధ్య ఆరున్నరేళ్లు పట్టింది, చివరికి అతన్ని విడిపించింది ప్రాసిక్యూషన్ సాక్ష్యాల్లోని లొసుగులు. అలాగని ఆ చర్చ వృథా కాలేదు. ఆ కేసు ఎవరూ మరిచిపోకుండా చూసింది, 2018లో దర్యాప్తు సీబీఐ చేతికి వెళ్లడం దాకా నడిచింది.

బ్రిటన్‌లో పోస్టాఫీసు కేసుల సంగతీ ఇంతే. కంప్యూటరు లెక్కల్లోని తప్పులకు వందల మంది చిన్న పోస్టుమాస్టర్లు దొంగలుగా శిక్షలు అనుభవించారు. 2024 జనవరిలో వచ్చిన ఒక టీవీ నాటకం చూసి దేశం కదిలిందని, ఆ మే నెలలో పార్లమెంటు చట్టం చేసి శిక్షలు రద్దు చేసిందని అందరూ చెప్పుకుంటారు. అది నిజమే. కానీ 555 మంది కలిసి వేసిన దావాలో ఆ కంప్యూటరు వ్యవస్థ నమ్మదగినది కాదని కోర్టు తేల్చింది 2019లోనే; 39 మంది శిక్షలను అప్పీలు కోర్టు 2021 ఏప్రిల్‌లో కొట్టేసింది. నాటకం రావడానికి ముందే కాగితాలు సిద్ధంగా ఉన్నాయి కాబట్టి పార్లమెంటుకు పని తేలికైంది. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ మన ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ గారిది. 1994లో ఆయనను గూఢచారిగా చిత్రించిన వార్తలు ఇంటింటికీ వెళ్లాయి. సీబీఐ ఆ కేసు అబద్ధమని 1996లోనే తేల్చినా, సుప్రీంకోర్టు 50 లక్షల పరిహారం చెల్లించమన్నది 2018లో. పేరు పాడు కావడానికి రోజులు చాలాయి, బాగుపడటానికి ఇరవై ఏళ్లు దాటింది.

అప్పీలు నడుస్తుండగా మాట్లాడటమే నేరమని మీరు భయపడనక్కర్లేదు. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం ప్రకారం అప్పీలు తేలేదాకా కేసు పెండింగులో ఉన్నట్టే. అయినా కోర్టులో జరిగినదాన్ని ఉన్నదున్నట్టుగా చెప్పడం ధిక్కారం కాదు. తీర్పులో ఏముంది, ఏ సాక్ష్యం పిలిపించలేదు, మీ కుటుంబం ఎలా ఉంది అన్నవి మీరు చెప్పవచ్చు. న్యాయమూర్తికి దురుద్దేశాలు అంటగట్టకూడదు. అనుమానం ఉన్న మనిషి పేరు చెప్పడం మాత్రం వేరే విషయం. అది పరువు నష్టం కింద నేరుగా మీ మీదికే వస్తుంది. ఐపీసీ స్థానంలో వచ్చిన న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు శిక్ష పడే అవకాశం ఉంది, ఆ కేసు వచ్చిననాడు ఛానెల్ వారు మీ పక్కన నిలబడతారన్న హామీ లేదు. పైగా మీ తమ్ముడి అప్పీలుకు ఆ పేరు అక్కర్లేదు. ఎవరు చంపారో రుజువు చేయాల్సిన బాధ్యత అతని మీద లేదు, తన మీద మోపిన నేరం అనుమానానికి తావులేకుండా రుజువు కాలేదని చూపిస్తే చాలు. ఇంకో మాట కఠినంగా ఉంటుంది, అయినా చెబుతాను. పొలం తగాదా తప్ప ఆ పెద్దమనిషి మీద మీ దగ్గర మరో ఆధారం లేదని మీ ఉత్తరమే చెబుతోంది. అంతమాత్రానికే అతని ముఖం టీవీలో పెట్టడం, మీ తమ్ముణ్ణి జిల్లా పేజీలో హంతకుడిగా నిలబెట్టినవారు చేసిన పనే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. లాయరుగారి మాట విని పూర్తిగా మౌనంగా ఉంటే చట్టపరమైన చిక్కులు రావు, కానీ కాలం చాలా పడుతుంది. మౌనమంటే ఊరికే కూర్చోవడం అని కూడా కాదు. శిక్షను తాత్కాలికంగా నిలిపి బెయిలు ఇమ్మని దరఖాస్తు వేయవచ్చు. అప్పీలు తేలకుండా ఐదేళ్లు జైల్లో గడిపిన యావజ్జీవ ఖైదీల బెయిలుపై ఉమ్మడి హైకోర్టు 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటికి కొన్ని మినహాయింపులున్నాయి, నగల కోసం జరిగిన హత్య అన్న ఆరోపణ ఉన్నందున మీ కేసు ఆ మినహాయింపులో పడుతుందేమో లాయరుగారిని సూటిగా అడగండి. అప్పీలును త్వరగా విచారణకు తెమ్మని ప్రత్యేకంగా అడగడానికీ అవకాశం ఉంది. ఆయన ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే తీరిక లేని మనిషైతే, జైల్లో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాది దొరుకుతారు; జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గానీ, 15100 నంబరును గానీ సంప్రదించవచ్చు.

ఛానెల్ చెప్పిన షరతులకే ఒప్పుకొని వెళ్లడం రెండో దారి. మీ వారికి కొంత ఊరట కలుగుతుంది, ఊళ్లో నాలుగు రోజులు మీ తరఫున మాట్లాడేవారూ పుట్టుకొస్తారు. కానీ కెమెరా ప్లాంటు గేటు దగ్గరికి వెళ్లిందంటే, ఆ సూపర్‌వైజరు మనసులో నిజం చెప్పాలని ఉన్నా యాజమాన్యం నోరు మూయిస్తుంది. ఆ తర్వాత అతడు సాక్ష్యానికి వచ్చినా, టీవీ చూసి నేర్చుకుని చెబుతున్నాడని ప్రాసిక్యూషన్ అంటుంది. ఈ నష్టం మీ వారు లెక్కలోకి తీసుకున్నట్టు లేరు.

మూడోది నేను మొగ్గు చూపే దారి, అది కూడా మీ తమ్ముడు ఒప్పుకుంటేనే. ముందు ప్లాంటు సాక్ష్యం, అదనపు సాక్ష్యం కోసం పిటిషన్. అది కోర్టులో పడ్డాక, కోర్టు వార్తలు రాయడం తెలిసిన పత్రికా విలేకరి ఒకరికి తీర్పు, నివేదిక, పిటిషన్ నకళ్లు ఇచ్చి రాయమనండి. అప్పుడు వార్తకు ఆధారం మీ కన్నీళ్లు కావు, కోర్టులో ఉన్న కాగితం. అనుమానితుల పేర్లు, పెద్దావిడ ఫొటో రాకూడదని ముందే చెప్పండి. రాతపూర్వకంగా తీసుకున్నా మాట తప్పే అవకాశం ఉంటుంది, ఆ ప్రమాదం పూర్తిగా పోదు. ఇందులో మరో చిక్కు, వార్త చిన్నదిగా వచ్చి ఎవరూ పట్టించుకోకపోవచ్చు. మచ్చ పోవడానికి అది చాలదు. దానికి హైకోర్టు తీర్పు వచ్చే రోజే సరైన సమయం, ఆ రోజు అన్ని ఛానెళ్లనూ మీరే పిలవచ్చు.

ఎదురింటి ఆమె దగ్గరికి మద్దతు అడగడానికి వెళ్లవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. హాస్టల్ కేసులో తల్లిదండ్రులు మాట్లాడినట్టు ఈమె మాట్లాడాలని ఆశించడం అన్యాయం; ఆమెకు తెలిసిందల్లా పోలీసులు చెప్పినదే. నానుతాడును గుర్తుపట్టిన సాక్షి కూడా ఆమే కాబట్టి, మీరు గడప తొక్కితే సాక్షిని ఒత్తిడి చేశారన్న మాట పడుతుంది. వార్త రాబోతున్నప్పుడు మాత్రం, మీ తరఫున ఎవరైనా పెద్ద మనిషి ఆమెకు ఒక రోజు ముందు చెప్పడం మంచిది. ఆమె తల్లి గురించిన వార్త ఆమె టీకొట్టు దగ్గర వినాల్సిన అవసరం లేదు.

పోయిన ఏళ్లకు జవాబుదారీ ఎవరని అడిగారు. తప్పుడు శిక్ష అనుభవించినవారికి హక్కుగా పరిహారం ఇచ్చే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. అలాంటిది కావాలని లా కమిషన్ తన 277వ నివేదికలో 2018లోనే సిఫారసు చేసింది. హాస్టల్ కేసులో ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్న యువకుడికి హైకోర్టు ఇప్పించినది లక్ష రూపాయలు. ఆ లెక్క చూసి ఇప్పుడే ఆశలు పెట్టుకోవద్దు.

వచ్చే ములాఖత్‌కు వెళ్లేటప్పుడు ప్లాంటు గురించిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి: ఆ రాత్రి పక్కన ఎవరు పని చేశారు, లాగ్ పుస్తకం ఎవరి దగ్గర ఉండేది, కాంట్రాక్టరు ఎవరు, భోజనం ఎన్నింటికి చేశారు. అక్కడున్న కొద్ది సమయంలో ఏడుపుకే పోతే ఇవి అడగడం మరిచిపోతారు. ఆ జవాబులు లాయరుగారికి ఇచ్చి, ఫలానా తేదీ రాత్రి షిఫ్టు రికార్డులను చెరిపివేయకుండా భద్రపరచమని ప్లాంటు యాజమాన్యానికి ఆయన పేరు మీద స్పీడ్ పోస్టులో నోటీసు పంపించండి. ఛానెల్ విలేకరికి అప్పీలు పని ఒకటి మిగిలి ఉందని, అది అయ్యాక తామే ఫోన్ చేస్తామని మీ వారి చేత చెప్పించండి. నోటీసు రశీదు జాగ్రత్తగా ఉంచండి. ప్లాంటు వారు రికార్డు లేదని జవాబిచ్చినా, ఎప్పుడు, ఎందుకు లేకుండా పోయిందో కోర్టు ముందు అడగడానికి అదే ఆధారం అవుతుంది.